ప్రాసెసర్‌కి హాల్ టికెట్

మా విశ్వవిద్యాలయంలో కాపలా కుక్కని తీసుకోవాలన్నా రాత పరీక్ష పెడతారని ఊళ్లో ఒక ప్రచారం ఉంది. ఇది పూర్తిగా నిరాధారం. కుక్కలకి రాత పరీక్ష పెట్టలేదు. మౌఖిక పరీక్ష ఒక్కటే పెట్టాం. పదకొండు హాజరయ్యాయి. ఎంపికైన కుక్క ఇప్పటికీ గేటు దగ్గరే ఉంది. ప్రొబేషన్ పూర్తయ్యేదాకా స్వతంత్రంగా మొరగడానికి దానికి అధికారం లేదు.

నేను మధ్యతీర విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసు. మా దగ్గర ఏం జరిగినా దాని వెనక ఒక నిబంధన ఉంటుంది. కుక్క వెనక ఉన్నది పధ్నాలుగోది: "విశ్వవిద్యాలయ పరిధిలో ప్రాణులైననూ, వస్తువులైననూ, ఏ రెండింటి నడుమనైననూ పరీక్ష లేకుండా ఎంపిక జరుపరాదు." ఒకానొక కాలంలో ఒకానొక అధికారి తన బావమరిది కొట్లో బెంచీలు కొన్నాడు. అవి మూడు నెలల్లో విరిగాయి. అప్పుడు పుట్టింది ఈ నిబంధన. దీని కింద మొట్టమొదట పరీక్ష ఎదుర్కొన్నవి కూడా బెంచీలే. ఒక్కో బెంచీ మీద ముగ్గురేసి సీనియర్ ప్రొఫెసర్లని మూడు గంటలు కూర్చోబెట్టాం. రెండు బెంచీలు ఫెయిలయ్యాయి. ఒక ప్రొఫెసర్ కూడా.

ఇక అసలు సంగతికి వస్తాను.

జూలై నెల, సోమవారం, ఉదయం పదకొండు గంటలు. ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు మంది డిగ్రీ విద్యార్థుల మార్కులు కూడుతూ కూడుతూ, మా విభాగంలోని ఒకే ఒక్క కంప్యూటర్ చిటపటలాడి, సన్నగా పొగ వదిలి, కన్నుమూసింది.

సరిగ్గా అదే నిమిషంలో కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి ప్రత్యక్షమైంది. భుజానికి సంచీ, చేతిలో గొడుగు, ముఖం నిండా చెమట.

"ఏవండీ, బీయస్సీ రిజల్ట్సు ఎప్పుడండీ?"

"త్వరలో," అన్నాను. అది మా విభాగంలో కాలానికి కొలమానం.

"త్వరలో అంటే శుక్రవారం లోపేనాండీ?"

ఆమె పేరు దొమ్మేటి జలజ. పక్క జిల్లాలో ఒక పాల డెయిరీ ల్యాబులో ఆమెకి కెమిస్టు ఉద్యోగం వచ్చింది. శుక్రవారం సాయంత్రం అయిదు గంటల్లోగా మార్కుల మెమో పట్టుకెళ్లి ఇస్తేనే చేర్చుకుంటారు. లేకపోతే జాబితాలో తర్వాతి పేరుకి ఇచ్చేస్తారు. తర్వాతి పేరుగల వ్యక్తి ఇప్పటికే డెయిరీ గేటు ఎదురుగా గది అద్దెకి తీసుకున్నాడని కూడా చెప్పింది.

"ఆడు రోజూ గేటు దగ్గరికొచ్చి వాచ్‌మన్‌ని పలకరించి పోతున్నాడంటండీ," అంది జలజ. "నేను మాత్రం మెమో తీసుకోందే ఇక్కణ్నుంచి కదలనండి."

అని కారిడార్‌లో ఉన్న బెంచీ మీద కూర్చుంది. అది పాసైన బెంచీ. ఏమీ కాలేదు.

మా దగ్గర కంప్యూటర్లు చూసే మనిషి గౌస్ బాషా. నలభై ఏళ్లవాడు, కాంట్రాక్టు ఉద్యోగి, కనుక విశ్వవిద్యాలయంలో పని చేసే కొద్దిమందిలో ఒకడు. పొగ విసనకర్రతో తోలి, పెట్టె విప్పి చూసి లేచాడు.

"డేటా భద్రంగా ఉంది సార్. మిషనే పోయింది. నా ల్యాప్‌టాప్‌లో వేస్తే గంటలో అయిపోతుంది."

"గోప్య సమాచారం," అన్నాను నేను. "ఆమోదం లేని యంత్రం మీద పెట్టకూడదు."

"అయితే కొత్తది కొనండి. డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఉన్నది చాలు. పెద్దది కావాలంటే సర్వర్ ప్రాసెసర్ ఉన్నది తెద్దాం."

ఇద్దరం కలిసి పరీక్షల నియంత్రణాధికారి ప్రొఫెసర్ సదానందశర్మ గారి గదికి వెళ్లాం. అందరూ ఆయన్ని కంట్రోలర్ గారంటారు. ఆయన సంతకం పెట్టే ముందు కలాన్ని కూడా ఒకసారి అనుమానంగా చూస్తారు.

"రెండింటికీ తేడా ఏమిటి?" అని అడిగారు.

"డెస్క్‌టాప్‌ది ఒంటిగా గబగబా పరిగెత్తే మనిషి లాంటిది సార్. సర్వర్‌ది పదిమంది కలిసి బండి లాగడం లాంటిది. రాత్రింబవళ్లు ఆగకుండా లాగుతుంది. మన పనికి మొదటిది చాలు. ఏదో ఒకటి ఎంపిక చేసి చెప్పండి, సాయంత్రానికి తెచ్చేస్తాను."

కంట్రోలర్ గారు కళ్లజోడు తీశారు. "రెండింటి నడుమ?"

"అవున్సార్."

"ఎంపిక?"

గౌస్ బాషా నా వంక చూశాడు. నేను పధ్నాలుగో నిబంధన ఉన్న పేజీ తెరిచి బల్ల మీద పెట్టాను. వేరే దారి లేదు.

"నోటిఫికేషన్ ఇవ్వండి," అన్నారు కంట్రోలర్ గారు. "పరీక్షల విషయంలో ఈ విశ్వవిద్యాలయానికి ఒక ఒరవడి ఉంది. ప్రతిభకే పట్టం. ఎల్లుండి పరీక్ష."

*

మంగళవారం మధ్యాహ్నానికి అభ్యర్థులు దిగారు. డెస్క్‌టాప్‌ని మెయిన్ రోడ్డు కొట్టువాడు ఆటోలో పంపాడు. సర్వర్‌ని ఒక కంపెనీవాళ్లు వ్యాన్‌లో తెచ్చి నలుగురు మోసి దించారు. రెండూ పరీక్ష అయ్యాక తిరిగి పట్టుకెళ్లే షరతు మీద వచ్చాయి.

దరఖాస్తులు నేనే నింపాను. తండ్రి పేరు అన్నచోట తయారీదారు పేరు రాశాను. పుట్టుమచ్చలు రెండు తప్పనిసరి. డెస్క్‌టాప్‌కి కుడివైపు వారంటీ స్టిక్కరు ఒకటి, వెనక గీత ఒకటి దొరికాయి. సర్వర్ ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. కంపెనీవాడి అనుమతితో గౌస్ బాషా స్క్రూడ్రైవర్‌తో రెండు పెట్టాడు.

"మరి ఫొటో?" అన్నాడు గౌస్. "పెట్టెకి తియ్యాలా, ప్రాసెసర్‌కి తియ్యాలా సార్?"

"అభ్యర్థి ఎవరు?"

"ప్రాసెసరే. పెట్టె లోపల, ఫ్యాన్ కింద ఉంటుంది."

"ముఖం స్పష్టంగా కనిపించాలి," అన్నాను. గౌస్ ఫ్యాన్లు విప్పాడు, ఫొటోలు తీశాడు, మళ్లీ బిగించాడు. సర్వర్ ప్రాసెసర్ ముఖం పెద్దది, చదరంగా, మెరుస్తూ ఉంది. మా గుమాస్తా ఒకాయన చూసి, మంచి సంబంధంలా ఉందన్నాడు.

కంపెనీవాడు వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నాడు: సర్వర్‌కి ఏసీ గది కావాలని. ప్రత్యేక వసతి కోరే అభ్యర్థి సివిల్ సర్జన్ సర్టిఫికెట్ జతపరచాలి. ఆ మాటే చెప్పాను. అతను మమ్మల్ని కాసేపు చూసి, జిల్లా ఆసుపత్రికి వెళ్లి, నిజంగానే తెచ్చాడు. "ఉష్ణ తత్వం, చల్లని చోట ఉంచవలెను" అని రాసి ముద్ర వేసి ఉంది. ఆసుపత్రి కూడా ప్రభుత్వానిదే కదా.

అంతా అయ్యాక ఒక ముఖ్యమైన లోపం బయటపడింది. ప్రశ్నపత్రం లేదు. కంప్యూటర్ సైన్సు శాఖలో ప్రొఫెసర్ ఖాళీ ఎనిమిదేళ్లుగా ఉంది. ఆ ఖాళీకి పరీక్ష ఇంకా జరుగుతోంది.

ఆ సంగతి చెప్పడానికి కంట్రోలర్ గారి గదికి వెళ్లాం. తలుపు దగ్గర నించున్న జలజ గొంతు సవరించుకుంది.

"సారండీ, నేనో మాట చెప్పొచ్చాండీ? ఆ ముప్పై ఎనిమిది వేల మంది మార్కులూ ఉన్నాయి కదండీ. అయ్యే కూడమని ఇచ్చెయ్యండి ప్రశ్న. ఎవరు బాగా కూడితే ఆళ్లే పాస్."

గౌస్ బాషా నవ్వు ఆపుకోడానికి కిటికీలోంచి బయటికి చూశాడు. కంట్రోలర్ గారు మాత్రం గంభీరంగా ఆలోచించారు.

"గోప్య సమాచారం కదా?"

"ప్రశ్నపత్రం కూడా గోప్యమే సార్," అన్నాను నేను. "సీల్డు కవర్లో అభ్యర్థులకి ఇవ్వొచ్చు. ఇక్కడ యంత్రానికి ఇవ్వడం లేదు, అభ్యర్థికి ఇస్తున్నాం."

"సముచితం," అన్నారాయన. "ప్రశ్న ఒకటి. మార్కులు నూరు. ఛాయిస్ లేదు."

జలజ బెంచీ దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లి, సంచీలోంచి జంతికలు తీసి మా విభాగం అంతటికీ పంచింది.

*

బుధవారం పది గంటలకి పరీక్ష. ఇన్విజిలేటర్ని నేనే. ఏసీ ఉన్నది ఒక్క సెనేట్ హాలే కనుక అక్కడే పెట్టాం. అభ్యర్థుల మధ్య ఆరడుగుల దూరం. హాల్ టికెట్లు సరిచూశాను. ప్రశ్నపత్రం ఉన్న పెన్‌డ్రైవ్‌ల సీలు చింపాం. గంట కొట్టారు.

డెస్క్‌టాప్ వెంటనే మొదలుపెట్టింది.

సర్వర్ పెద్దగా రొద చేసింది. విమానం లేస్తున్నట్టే ఉంది. ఆ తర్వాత తెర మీద ఏమీ లేదు. రెండు నిమిషాలు. అయిదు నిమిషాలు. ఎనిమిది.

"ఏం చేస్తోంది గౌస్?"

"లోపల అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకుంటోంది సార్. లేచేటప్పుడు దాని పద్ధతంతే."

నాకు జాలి వేసింది. మంచి విద్యార్థులు కూడా కొందరు ప్రశ్నపత్రం చూడగానే కళ్లు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకుంటారు.

పదకొండో నిమిషంలో డెస్క్‌టాప్ పూర్తి చేసింది. నేను గడియారం చూశాను. సగం సమయం కాకుండా జవాబు పత్రం తీసుకోకూడదు. అందుచేత అది గంటా పంతొమ్మిది నిమిషాలు ఖాళీగా కూర్చోవాలి. ఆకుపచ్చ దీపం ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చుంది. నాకది నచ్చలేదు. "అభ్యర్థి అటూ ఇటూ చూచుచున్నాడు" అని డైరీలో రాశాను.

పన్నెండో నిమిషంలో సర్వర్ మేలుకుంది. ఏడు నిమిషాల్లో అదీ పూర్తి చేసింది.

జవాబులు ప్రింటర్లోంచి రావడం మొదలైంది. పేజీకి నలభై మంది చొప్పున ఒక్కో అభ్యర్థికి తొమ్మిది వందల అరవై ఒక్క పేజీలు. మా జవాబు పుస్తకం ఇరవై నాలుగు పేజీలే. మిగతావన్నీ అడిషనల్ షీట్లు. ప్రతి అడిషనల్ షీటు మీదా ఇన్విజిలేటర్ సంతకం ఉండాలి. నేను సంతకాలు పెడుతూ ఉంటే గౌస్ దారంతో కుడుతూ పోయాడు. మధ్యలో దారం అయిపోయింది. బయట కిటికీ దగ్గర నించున్న జలజ తన సంచీ కుట్టుకోడానికి తెచ్చుకున్న ఉండ లోపలికి విసిరింది.

"ఆరొందల పదకొండో పేజీ కొంచెం జాగ్రత్తగా కుట్టండి గౌస్ గారూ! నా నంబరు అందులోనే వస్తదండి!"

సరిగ్గా అప్పుడు తలుపు దభాలున తెరుచుకుంది. ఫ్లయింగ్ స్క్వాడ్.

దాని నాయకురాలు డాక్టర్ కృపావరం మేడమ్. తెలుగు శాఖ. పాతికేళ్లలో ఆమె పట్టుకున్న చీటీలు ఒక్కచోట పోస్తే ఒక గ్రంథాలయం అవుతుంది. అడుగుల చప్పుడుకే విద్యార్థులు చీటీలు మింగేస్తారని ప్రతీతి.

ఆమె డెస్క్‌టాప్ చుట్టూ ఒకసారి తిరిగింది. సర్వర్ చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఆగింది.

"ఇంత లావుగా ఉన్నాడేమిటి? లోపల ఏం పెట్టుకున్నాడు?"

"ముప్పై రెండు కోర్లున్నాయి మేడమ్," అన్నాడు గౌస్.

"అంటే?"

గౌస్ చేసిన పొరపాటు అక్కడే ఉంది. సామాన్యులకి అర్థమయ్యేలా చెబుదామనుకున్నాడు. "అంటే ముప్పై రెండు బుర్రలనుకోండి. పనిని ముప్పై రెండు ముక్కలు చేసి పంచుకుంటాయి. ఒకదానికొకటి చెప్పుకుంటూ చేస్తాయి."

మేడమ్ సర్వర్ హాల్ టికెట్ తీసి చూసింది.

"ఒక హాల్ టికెట్ మీద," అంది కృపావరం మేడమ్ నెమ్మదిగా, "ముప్పై రెండు మంది కూర్చుని, ప్రశ్న పంచుకుని, ఒకరికొకరు చెప్పుకుంటూ రాశారు. ఇన్విజిలేటర్ సమక్షంలో."

"అందుకే కదా మేడమ్ దాన్ని కొనేది!" అన్నాడు గౌస్.

"నేరం ఒప్పుకోలు. రాసుకోండి."

"అది కాదు మేడమ్, దీని మెమరీ కూడా గొప్పది. ఎక్కడైనా తప్పు పడితే తనే పట్టుకుని సరిచేసుకుంటుంది."

"దరఖాస్తు లేకుండా రీవాల్యుయేషన్. అదీ రాసుకోండి." ఆమె డెస్క్‌టాప్ వైపు తిరిగింది. "ఇతనికెన్ని?"

గౌస్ తల దించుకున్నాడు. "ఎనిమిది."

"చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉన్నాడు," అంది మేడమ్ బాధగా.

మొత్తం నలభై మంది మీద మాల్‌ప్రాక్టీసు కేసులు. జవాబు పత్రాల కట్టలు రెండూ గుడ్డలో చుట్టి, లక్కతో సీలు వేసి, స్ట్రాంగ్ రూమ్‌కి పంపేశారు. ఆరు వందల పదకొండో పేజీ కూడా అందులోనే వెళ్లిపోయింది.

కిటికీ దగ్గర జలజ ఊచలు పట్టుకుని అలాగే నించుంది.

*

గురువారం షోకాజ్ నోటీసులు తయారయ్యాయి. నలభై. నిందితుడికి స్వయంగా అందజేసి సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టకపోతే సాక్షుల సమక్షంలో ముఖద్వారానికి అంటించాలి. ప్రాసెసర్ ముఖద్వారం ఏదో తేలక, గాలి పోయే కన్నాల మీద అంటించాం. సంజాయిషీకి గడువు ఏడు రోజులు.

నిజానికి కేసు అప్పటికే బలపడింది. కృపావరం మేడమ్ సీలు విప్పించి రెండు జవాబు పత్రాలూ పక్కపక్కన పెట్టి సరిచూసింది. మొదటి యాభై పేజీల్లో ఒక్క అంకె తేడా లేదు.

"ఒకరిది చూసి ఒకరు రాశారు," అంది.

"కూడిక ఎవరు చేసినా అంతే వస్తుంది కదా మేడమ్!" అని మొత్తుకున్నాడు గౌస్.

"దొరికాక అందరూ చెప్పే మాటే ఇది."

నిందితులు సంజాయిషీ ఇవ్వకపోతే ఎలా అనే చర్చ వచ్చింది. కంట్రోలర్ గారు శాస్త్రం తెలిసినవారు. మౌనం అర్ధాంగీకారం కనుక సగం మందిని శిక్షించి సగం మందిని వదిలేయొచ్చన్నారు. ముప్పై రెండులో పదహారు, ఎనిమిదిలో నాలుగు. ఏ పదహారు అనేది మళ్లీ ఎంపిక. దానికి మరో పరీక్ష.

నేను బయటికొచ్చేసరికి జలజ బెంచీ మీద లేదు. గోడకి వేలాడుతున్న మాల్‌ప్రాక్టీసు నిబంధనల బోర్డు ఎదురుగా నించుని, వేలితో ఒక్కో అక్షరం వెంట వెళ్తోంది. ఆ బోర్డు అక్కడ పెట్టి పంతొమ్మిదేళ్లయింది. దాన్ని చదివిన మొదటి మనిషి ఆమే.

"ఏడు రోజులంటే నా ఉద్యోగం పోయినట్టే కదండీ?"

"నిబంధన అమ్మా."

"మరి ఇక్కడ రాసుందేంటండీ, 'కాపీకి గురైన వ్యక్తి ఫిర్యాదు చేసినచో ఇరవై నాలుగు గంటలలో విచారింపవలెను' అని?"

"ఉంది."

"అయితే ఒక తెల్ల కాయితం ఇయ్యండి."

ఆమె రాసిన ఫిర్యాదు నా దగ్గర ఇప్పటికీ ఉంది. రెండే వాక్యాలు. "నా మార్కులు నా అనుమతి లేకుండా రెండు యంత్రములు తమ జవాబు పత్రములలో రాసుకున్నవి. న్యాయము చేయగలరు."

కృపావరం మేడమ్ అది చదివి ఉప్పొంగిపోయింది. ఆమె పట్టుకున్న వేల కేసుల్లో కాపీకి గురైనవాళ్లు ఒక్కరు కూడా ఎప్పుడూ ముందుకు రాలేదు. "ఇలాంటి పిల్లలు ఉండబట్టే విద్యావ్యవస్థ నిలబడింది," అని జలజ తల నిమిరింది. శుక్రవారం పది గంటలకి విచారణ పెట్టేశారు.

గౌస్ మాత్రం నన్ను పక్కకి లాగాడు. "సార్, ఆ పిల్లకి బోర్డు మీది తొమ్మిదో నిబంధన తెలుసా?"

తొమ్మిదో నిబంధన: చూసినవారికీ, చూపించినవారికీ సమాన శిక్ష. మూడేళ్లు డిబార్.

కారిడార్‌లోకి పరుగెత్తాను. జలజ ఆఖరి బస్సుకి వెళ్లిపోయింది.

*

శుక్రవారం పది గంటలు, సెనేట్ హాలు. విచారణ సంఘానికి అధ్యక్షులు కంట్రోలర్ గారు. సభ్యురాలు కృపావరం మేడమ్. కార్యదర్శిని నేను. నిందితులు ఇద్దరూ గోడవారగా ఉన్నారు, నోటీసులతో.

కట్ట విప్పి ఆరు వందల పదకొండో పేజీ జలజ ముందు పెట్టారు. "గుర్తుపట్టగలవా?"

ఆమె వేలు పై నుంచి కిందికి జారింది. ఇరవై ఏడో వరుస దగ్గర ఆగింది. పెదాలు కదిలాయి. ఒక్క క్షణం కళ్లు గట్టిగా మూసి తెరిచింది. పాసైందో లేదో అప్పటిదాకా ఆమెకీ తెలియదు, మాకూ తెలియదు.

"నాయేనండి. అరవై ఎనిమిది శాతం."

"ఇవి నిస్సందేహంగా నీ మార్కులే?"

"నిస్సందేహంగా నాయేనండి."

"అంటే నీవి చూసి రాశారు?"

"అచ్చు అలాగే ఉన్నాయి కదండీ."

కృపావరం మేడమ్ వెనక్కి వాలింది. ఆమె కళ్లలో పాతికేళ్ల మెరుపు. పాపం, అలవాటు. "కార్యదర్శి గారూ, తొమ్మిదో నిబంధన చదవండి."

నేను చదివాను.

"చూడమ్మా," అంది మేడమ్. "వాళ్లు చూశారంటే ఎవరో ఒకరు చూపించి ఉండాలి. చూపించినవారికి మూడేళ్లు. నీ మార్కులు నీవేనని నువ్వే ఒప్పుకున్నావు."

గౌస్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. గడియారం పదిన్నర. డెయిరీకి రెండు బస్సులు మారాలి. ఇప్పుడు ఉద్యోగమే కాదు, డిగ్రీ కూడా పోయేలా ఉంది.

జలజ మాత్రం సంచీ ఒళ్లో సర్దుకుంది. "ఆ తొమ్మిదోది నేనూ చదివానండి. చూపించినోళ్లని పట్టుకోవాల్సిందేనండి. నాకూ అదే కావాలి. కానీ మేడమ్ గారండీ, చూపించాలంటే పేపరు నా దగ్గరుండాలి కదండీ?"

"అవును."

"ఏప్రిల్ పదహారున నా చివరి పరీక్షండి. గంట కొట్టీకొట్టగానే లాగేసుకున్నారండి. ఆఖరి లెక్కలో సగం మిగిలిపోయింది, 'బాబ్బాబు, ఒక్క నిమిషం' అన్నా ఇవ్వలేదండి. అప్పట్నుంచీ నా పేపర్లు, నా మార్కులు ఎవరి దగ్గరున్నాయండీ?"

ఆమె మా ముగ్గురి వంకా చూసింది.

"నేనైతే చూళ్లేదండి. మా అమ్మకీ చూపించలేదండి. మరి ఈళ్లిద్దరికీ ఎవరు చూపించారో ఆళ్లకే వెయ్యండి మూడేళ్లు."

కార్యదర్శిగా నా ధర్మం ఒకటి ఉంది. జవాబు పత్రాల సంరక్షకుడు ఎవరో చట్టంలోనే రాసి ఉంటుంది. కలం మూత తీసి, కుర్చీలో ముందుకి జరిగి, వినయంగా అడిగాను.

"సార్, 'చూపించిన వ్యక్తి' అన్నచోట తమ పూర్తి పేరు రాయమంటారా, హోదా ఒక్కటి చాలా?"

కంట్రోలర్ గారి కళ్లజోడు మీద ఏసీ గదిలో కూడా ఆవిరి పట్టింది. ఆయన దాన్ని తీసి తుడిచారు. పెట్టుకున్నారు. మళ్లీ తుడిచారు. మేడమ్ అలవాటు కొద్దీ ఆయన చొక్కా చేతుల మడతల వైపు చూసింది.

"ఇది కాపీ అని ఎవరన్నారు?" అన్నారు కంట్రోలర్ గారు ఉన్నట్టుండి.

"మేడమ్ గారన్నారండి," అంది జలజ.

"తొందరపాటు. ఇది కాపీ కాదు. కేవలం... క్రోడీకరణ."

"అంటే ఏంటండీ?"

"అంటే, విశ్వవిద్యాలయం తన వద్ద ఉన్న మార్కులను తానే కూడుకోవడం."

"అయితే ఇయి రిజల్ట్సేనాండీ?"

"ఒక విధంగా."

"రిజల్ట్సైతే ఇచ్చెయ్యాలి కదండీ. ఇవ్వకుండా దాచుకుంటే మళ్లీ మేడమ్ గారు కాపీ అంటారండి."

పదకొండు గంటల నలభై నిమిషాలకి ఉత్తర్వు వెలువడింది. నేనే రాశాను: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, బుధవారము జరిగినది పరీక్ష కాదనియు, పరీక్ష కానందున మాల్‌ప్రాక్టీసు జరగలేదనియు, ఫలితముల క్రోడీకరణ మాత్రమే జరిగినదనియు, సదరు ఫలితములు తక్షణమే విడుదల చేయడమైనదనియు." కింద కంట్రోలర్ గారి సంతకం. ఈసారి ఆయన కలం వంక చూడలేదు.

గౌస్ సర్వర్‌తోనే మెమో ప్రింటు తీశాడు. గుండ్రటి ముద్ర నేను వేశాను. ఆ తడి ఆరకముందే జలజ గొడుగు మర్చిపోయి పరుగెత్తింది. గౌస్ తన మోటారు సైకిల్ మీద బస్టాండుకి తీసుకెళ్లాడు. గేటు దగ్గర మా కుక్క ఆమెని చూసి మొరగబోయి, ఆగింది.

*

మధ్యాహ్నం కంట్రోలర్ గారు స్థిమితపడ్డారు. గౌస్ తిరిగొచ్చి గుమ్మంలో నించున్నాడు.

"మరి చివరికి ఏది కొందాం సార్? డెస్క్‌టాపా, సర్వరా? జరిగింది పరీక్ష కాదన్నారు కదా."

"పరీక్ష లేదు గనుక ఎంపిక లేదు," అన్నారాయన. తర్వాత ఆయన ముఖంలో ఒక వెలుగు కనిపించింది. "రెండూ కొనేద్దాం. రెండూ తీసుకుంటే రెండింటి నడుమ ఎంపిక అనే ప్రశ్నే ఉదయించదు."

ఇరవై ఆరేళ్లలో ఇంత తెలివైన నిర్ణయం నేను చూడలేదు. ఆ మాటే పైకి అన్నాను.

"సరే సార్," అన్నాడు గౌస్. "కానీ మన గదిలో పెద్ద ప్లగ్ పాయింటు ఒక్కటే ఉంది. అందులో ఏది పెట్టమంటారు?"

కంట్రోలర్ గారు నా వైపు చూశారు. నేను పధ్నాలుగో నిబంధన తెరిచాను.

"నోటిఫికేషన్ ముసాయిదా సోమవారానికి సిద్ధం చేయండి," అన్నారాయన.

నాలుగు గంటల నలభై నిమిషాలకి నా బల్ల మీద ఫోన్ మోగింది.

"సూపర్నెంటు గారండీ, చేరిపోయానండి!" వెనక ఎక్కడో పాల క్యాన్లు దొర్లుతున్న చప్పుడు. "ఆ రెండోవాడు గేటు దగ్గరే ఉన్నాడండి. ముఖం మాడ్చుకుని, కంగ్రాట్సండీ అన్నాడండి."

"మెమో చూసి ఏమన్నారు?" అని ఆత్రంగా అడిగాను.

"చూళ్లేదండి. మేనేజరు గారు మడతపెట్టి ఫైల్లో పెట్టేశారండి. మార్కులు చూడరేంటండీ అంటే, అవి మాకెందుకమ్మా, హెడ్డాఫీసోళ్లకి కాయితం కావాలన్నారండి."

"మరి నిన్ను ఎలా ఎంపిక చేశారు?"

"పోయిన నెల్లో రెండు గిన్నెల్లో పాలు పోసి ఏది కల్తీదో చెప్పమన్నారండి. వాసన చూసి చెప్పేశానండి. నాకు రెండు నిమిషాలు పట్టిందండి, ఆ రెండోవాడికి అరగంట. అంతేనండి."

"అంతేనా? నోటిఫికేషన్, హాల్ టికెట్..."

"అంతేనండి. ఉంటానండి, ట్యాంకరు వచ్చింది!"

నేను ఫోన్ పెట్టేశాను. ఆ అమ్మాయి మంచిది. తెలివైనది. అలాంటి పిల్ల ఒక పద్ధతీ పాడూ లేని సంస్థలో చిక్కుకుంది. రెండు గిన్నెలు, రెండు నిమిషాలు, ఉద్యోగం. ఇలాంటి చోటు ఎన్నాళ్లు నిలుస్తుంది?

సాయంత్రం ఇంటికి వెళ్లగానే ఆ డెయిరీ పాలు ఇకమీద తెప్పించవద్దని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ అప్పటికే వాటితోనే టీ పెట్టి నా చేతికిచ్చింది. తాగాను. చాలా బాగుంది. కానీ బాగున్నంత మాత్రాన సరిపోతుందా?